గడి దర్వాజ: చెక్క, ఇనుము, వెట్టి

మమ్మల్ని బడిలో వేయడానికి తాత చెయ్యి పట్టుకుని తీస్కపోయిన రోజు మాకు బాగా గుర్తుంది. మా ఊళ్ళో అప్పుడు బడికి సొంత బిల్డింగు లేదు. దొర కుటుంబం పట్నం పోయి ఏండ్లు గడిచినయి కాబట్టి గడి ముందుభాగంలో రెండు అర్రలు బడికి ఇచ్చారు. తాత దర్వాజ ముందట ఆగాడు. చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. తలకు చుట్టిన రుమాలు తీసి భుజాన వేసుకున్నాడు. పెద్ద దర్వాజ రెండు రెక్కలూ బార్లా తెరిచే ఉన్నయి. ఏనుగు పట్టేంత సందు ఉన్నా ఆయన నడుము వంచి, తల దించి, ఒక పక్కగా ఒదిగి లోపలికి వచ్చాడు. లోపల దొర లేడు. కావలివాడు లేడు. పలకలు పట్టుకున్న పిల్లలు, ఒక సారు ఉన్నారు.

లేని దిడ్డికి తాత ఎందుకు వంగాడు? ఈ ప్రశ్నకు జవాబు మాకు యూనివర్సిటీలో చదివిన వాస్తుకళ పుస్తకాల్లో దొరకలేదు. గడీల గురించి రాసినవాళ్ళు కమానులు, స్తంభాలు, గచ్చు పువ్వుల గురించి రాశారు. పోరాటాల గురించి రాసినవాళ్ళు దొరల దౌర్జన్యం గురించి రాశారు. ఆ కట్టడానికీ ఆ దౌర్జన్యానికీ మధ్య ఉన్న సంబంధాన్ని రాసినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసంలో మేము గడి మొత్తం గురించి చెప్పడం లేదు. ముఖద్వారం ఒక్కదాని గురించే చెప్తున్నాం. ఎందుకంటే మా వాళ్ళలో చాలామందికి గడి అంటే ఆ దర్వాజ వరకే.

శత్రువు ఎవరు?

గడి అంటే తెలంగాణ పల్లెల్లో దేశ్‌ముఖు, జాగీర్దారు లేక పెద్ద భూస్వామి నివాసం. ఇల్లు, కచేరి, ధాన్యపు గరిసెలు, పశువుల కొట్టాలు, గుర్రపుసాల అన్నీ ఒకే ఎత్తైన ప్రహరీ లోపల ఉంటయి. గోడ మూలల్లో బురుజులుంటయి. ముందట పెద్ద దర్వాజ. చూసినవాళ్ళకు ఇది చిన్న కోటలాగే కనబడుతుంది.

కోట ఎప్పుడు కడతారు? శత్రు సైన్యం వస్తుందన్నప్పుడు. దోమకొండ లాంటి పాత సంస్థానాల కోటల సంగతి వేరు. వాటికి యుద్ధాల చరిత్ర ఉంది. మనం ఊళ్ళల్లో చూసే గడీల్లో ఎక్కువ భాగం పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో, ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో కట్టినవి. అప్పటికే నిజాం 1798 ఒప్పందంతో ఇంగ్లీషు కంపెనీ సైన్యం నీడలోకి పోయాడు. మరాఠా దండులు లేవు, మైసూరు సైన్యం లేదు. మరి ఈ బురుజులు, ఇనుప బొడిపెల దర్వాజలు ఎవరి కోసం?

జవాబు రెవిన్యూ చరిత్రలో ఉంది. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ శిస్తు వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతి తీసేశాడు. జిల్లాలు ఏర్పరిచి జీతాలు తీసుకునే ఉద్యోగులను పెట్టాడు. అంతదాకా శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండ్యాలకు పరిహారంగా వతన్లు, ఏటా రుసుములు ఇచ్చాడు. తర్వాత సర్వే సెటిల్‌మెంట్లు జరిగినప్పుడు కాగితం ఎవరి చేతుల్లో ఉందో భూమి కూడా వాళ్ళ పేరు మీదికే పోయింది. తరతరాలుగా దున్నుతున్నవాడు ఒక్క పొద్దులో కౌలుదారుడో కూలివాడో అయిపోయాడు. విస్నూరు దేశ్‌ముఖు కింద 40 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో లెక్క ఇచ్చాడు. ఇంత భూమి ఒక్క ఇంటి కింద ఉంటే ఆ ఇంటికి శత్రువు ఎక్కడినుంచో రానక్కరలేదు. ఊరే శత్రువు. గడి బురుజు చూసేది పొలిమేర అవతలికి కాదు, వాడల మీదికి.

దర్వాజను చదవడం ఎట్లా?

ఇంగ్లండులో పెద్ద ఎస్టేట్ల ముఖద్వారం పక్కన కావలివాని కుటుంబానికి ఒక చిన్న ఇల్లు కడతారు. దాన్ని గేట్ లాడ్జి అంటారు. మన గడుల్లో కావలి ఇల్లు వేరుగా ఉండదు. అది దర్వాజ కడుపులోనే ఉంటుంది. అందుకే గడి దర్వాజ అంటే రెండు చెక్క రెక్కలు మాత్రమే కాదు. అది ఒక పూర్తి కట్టడం. బయటినుంచి లోపలికి ఒక్కొక్క భాగమే చూద్దాం. ప్రతి గడిలో ఇవన్నీ ఇట్లనే ఉంటయని కాదు, చాలావాటిలో మాత్రం ఈ వరస కనబడుతుంది.

మొదటిది, ముందటి జాగ. దర్వాజకు ఎదురుగా ఇండ్లు లేకుండా ఖాళీగా వదిలిన నేల ఇది. ఒక వేపచెట్టో చింతచెట్టో ఉంటుంది. పిలుపు వచ్చినవాళ్ళు కూచునేది ఈ చెట్టు కింద. ఇక్కడ నిలబడ్డ మనిషి పైనుంచి, పక్కలనుంచి అందరికీ కనబడతాడు. అతనికి మాత్రం లోపలిది ఏదీ కనబడదు. ఎండలో గంటలకొద్దీ నిలబెట్టడం, వంగబెట్టి వీపు మీద రాయి పెట్టడం లాంటి శిక్షలకు కూడా ఇదే చోటు. ఊరంతా చూడాలి కాబట్టే దాన్ని ఖాళీగా ఉంచారు.

రెండోది, పెద్ద దర్వాజ. మందమైన టేకు పలకలను అడ్డంగా ఇనుప పట్టీలతో బిగించి, వాటి మీద బొడిపెలు కొడతారు. పాత కోటల్లో ఈ బొడిపెలు, సూదులు ఏనుగు తలతో కుమ్మకుండా ఆపడానికి. ఏనుగుల దండు రాని కాలంలో కట్టిన గడికి అవి భయం కోసమే. లోపలి వైపు గోడలో బొరియ ఉంటుంది. దానిలోంచి లాగే బరువైన అడ్డకర్రే గడియ. మా ఊరి దర్వాజ పైకమ్మి మనిషి చెయ్యెత్తి ఎగిరినా అందదు. పల్లకీ, మేనా, గుర్రపుబండి, తర్వాతి కాలంలో మోటారుకారు, ఇవి వచ్చినప్పుడే ఆ రెక్కలు తెరిచేవారు.

మూడోది, దిడ్డి. పెద్ద రెక్కలో కోసి పెట్టిన చిన్న తలుపు ఇది. మా ఊరి దర్వాజలో అది మా రొమ్ము దాకా వచ్చేది. కింద గడప ఎత్తు. అంటే లోపలికి పోవాలంటే కాలు ఎత్తాలి, అదే సమయంలో తల దించాలి. ఆ క్షణంలో మనిషి చేతులు ఖాళీగా ఉండవు, కండ్లు నేల మీద ఉంటయి. యుద్ధవిద్య చదివినవాళ్ళు దీన్ని రక్షణ కోసం అంటారు, వంగి వచ్చేవాడు కత్తి దూయలేడని. నిజమే. కానీ కత్తి లేని సాకలి, మంగలి, కుమ్మరి రోజూ అదే దిడ్డిలోంచి వంగి పోయారు. రోజూ రెండుసార్లు వంగినవానికి దొర ముందు వంగడం కొత్తగా నేర్పాల్సిన పని లేదు. "బాంచెన్, నీ కాల్మొక్త" అన్న మాట నోటికి రాకముందే నడుముకు వచ్చింది. తాత వంపు అక్కడిదే.

నాలుగోది, అరుగులు. దర్వాజకు అటూ ఇటూ, కప్పు కింద, నడుము ఎత్తున రెండు అరుగులుంటయి. ఇక్కడ కులాల లెక్క స్పష్టంగా కనబడుతుంది. పటేలు, పట్వారీ అరుగు మీద కూచుంటారు. పెద్దరైతు అరుగు అంచున ఆనుకుంటాడు. చేతిపనుల కులాలవాళ్ళు అరుగు కింద నిలబడతారు. మాల మాదిగలు అరుగు నీడ కూడా దాటి చెట్టు దగ్గర ఉంటారు. ఏ శాసనం రాయకుండానే, ఏ బోర్డు పెట్టకుండానే రెండు అరుగులు ఊరి కులవ్యవస్థను మెట్లుమెట్లుగా చూపిస్తయి. అంబేద్కర్ కులాన్ని అంచెలంచెల అసమానత అన్నాడు. దాన్ని పిల్లలకు చెప్పాలంటే టీచర్లు గడి అరుగు దగ్గరికి తీస్కపోతే చాలు.

ఐదోది, కావలి అర్రలు. దర్వాజ దాటగానే దారికి రెండు దిక్కులా చిన్న అర్రలుంటయి. గాలి, వెలుతురు తక్కువ. ఆయుధాలు పట్టిన కావలివాళ్ళు ఇక్కడ పడుకునేవాళ్ళు. పాతకాలంలో రోహిల్లాలను, అరబ్బులను పెట్టుకున్న దొరలు ఉన్నారు. తర్వాత ఊరి కులాలనుంచే గుండాలను తయారుచేసుకున్నారు. వాళ్ళకు అర్ర ఉంది. రాత్రంతా ఊరు తిరిగి కావలి కాసిన వెట్టి మాదిగకు, సుంకరికి అర్ర లేదు. వాన వచ్చినా వాళ్ళ చోటు గోడ బయటే.

ఆరోది, పై అర్ర. దీన్ని బాలాఖానా అంటారు. దర్వాజ నెత్తిన కిటికీలతో ఉండే ఈ అర్రలోంచి ఊరి దారులు కనబడతయి. కొన్ని గడుల్లో దీనికి పాశ్చాత్య పద్ధతి స్తంభాలు, అర్ధచంద్రపు కమానులు, గచ్చు పువ్వులు కూడా ఉన్నయి. ఫోటోలు తీసేవాళ్ళు తీసేది వీటినే.

ఇక ఏడోది ముందటిది కాదు, వెనుకది. దొడ్డి దర్వాజ. ధాన్యం బండ్లు, పెండ ఎత్తేవాళ్ళు, కొట్టం ఊడ్చేవాళ్ళు ఈ వాకిలినుంచి వస్తారు, పోతారు. పశువు చస్తే మాదిగలను పిలిచేది ఇక్కడికే. దొర బిడ్డ పెండ్లి చేసుకుని అత్తగారింటికి పోతుంటే వెంట పంపిన ఆడబాపల బతుకు కూడా ఈ వెనుక భాగంలోనే తెల్లవారింది. ముందటి దర్వాజ మగవాని నడుము వంచితే వెనుకటి దర్వాజ ఆడమనిషి బతుకునే లోపల పెట్టి మూసింది. ముందటి దర్వాజకు ఫోటోలున్నయి, వెనుకదానికి లేవు.

కట్టింది ఎవరు?

గడి గోడలకు వాడింది డంగుసున్నం. సున్నపురాయిని బట్టీలో కాల్చాలి. నీళ్ళు పోసి చల్లార్చి, జల్లెడ పట్టి, ఇసుకతో కలిపి గానుగలో వేయాలి. గుండ్రటి రాతి కాలువలో రాతి చక్రాన్ని ఎడ్లతో తిప్పించి రోజులకొద్దీ నూరాలి. పైపూతకు కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలుపుతారు. ఆరితే అది రాయి లెక్క గట్టిపడుతుంది. ఈ పని ప్రతి అడుగులో నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు బావిలోంచి తోడింది మోటతో. మోటకు తోలుబొక్కెన, తొండం, తాళ్ళు కావాలి. అవి మాదిగ చేతిపని. గడికి చెప్పులు, మోటబొక్కెనలు, ఎడ్ల పట్టెడలు ఊరికే ఇచ్చుకోవడం వెట్టిలో భాగం.

అంటే గడి గోడలోకి మాదిగ పోలేదు కానీ మాదిగ తోలులోంచి వచ్చిన నీళ్ళు పోయినయి. సున్నపు గానుగ తొక్కిన ఎడ్లను తోలింది, రాళ్ళు మోసింది, అడవినుంచి టేకు మొద్దులు లాగింది వెట్టి మనుషులే. వడ్డెరలు రాయి కొట్టారు, వడ్లవాళ్ళు తలుపు చేశారు, కమ్మరులు బొడిపెలు పోశారు, కుమ్మరులు పెంకలు కాల్చారు. ఊరి కులాలన్నీ కలిసి కట్టిన కట్టడం అది. తనను ఆపే దర్వాజను తానే కట్టుకున్న ఊరు అది.

దీనికి రాతసాక్ష్యం ఏదని మమ్మల్ని సెమినార్లలో అడుగుతారు. కూలి ఇస్తే లెక్క రాస్తారు. వెట్టికి లెక్క ఉండదు. కానీ సాక్ష్యం మా ఇంటిపేర్లలో ఉంది. నీరడి, సుంకరి, బ్యాగరి, మస్కూరి, ఇవన్నీ ఒకప్పుడు ఊరి వెట్టి పనుల పేర్లు. ఇవాళ హాజరుపట్టీల్లో దళిత పిల్లల ఇంటిపేర్లు. బ్యాగరి అంటే బేగారి. బేగార్ అంటే వెట్టి. సారు పేర్లు పిలిచినప్పుడల్లా గడి చరిత్ర వినబడుతూనే ఉంది. దాన్ని చరిత్రగా వినే చెవి కావాలి.

దర్వాజ ఎప్పుడు ఓడింది?

1946 జూలై 4న కడివెండిలో సంఘం జనం ఊరేగింపు తీశారు. విస్నూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి తల్లి జానమ్మ ఉండే గడి అక్కడిది. ఊరేగింపు గడి దగ్గరికి రాగానే దొర గుండాలు కాల్పులు జరిపారు. ముందువరసలో ఉన్న దొడ్డి కొమరయ్య అక్కడే చనిపోయాడు. ఆయన అన్న మల్లయ్య గాయపడ్డాడు. జనం చెదిరిపోలేదు. గుండాలు గడిలోకి పారిపోయి దర్వాజ మూసుకుంటే జనమే గడిని చుట్టుముట్టారు. జనాన్ని ఆపడానికి కట్టిన దర్వాజ ఆ రోజు దొర మనుషులు దాక్కునే దర్వాజ అయింది.

కొమరయ్య కురుమ బిడ్డ. చుట్టుముట్టిన జనంలో మాల మాదిగలు ఎందరు? మన పోరాట చరిత్రల్లో గడి ముందు నిలబడ్డ మనిషి రైతుగా కనబడతాడు, కూలిగా కనబడతాడు. అతని కులం కనబడదు. అరుగు మీద కూచున్న రైతూ చెట్టు కింద కూచున్న మాదిగా ఒకే మాటలో కలిసిపోతారు. దర్వాజ మాత్రం వాళ్ళను ఎన్నడూ కలపలేదు. పార్టీ చరిత్రకారులు చూడని తేడాను సున్నపు అరుగు చూసింది. ఈ మాట ఆ పోరాటాన్ని తక్కువ చేయడానికి అనడం లేదు. దాన్ని పూర్తిగా రాయాలని అంటున్నాం.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత పారిపోయిన దొరలు చాలామంది తిరిగి వచ్చారు. 1949లో జాగీర్లు రద్దయినయి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని, 23వ అధికరణంతో వెట్టిని నిషేధించింది. కాగితం మీద దర్వాజలు తెరుచుకున్నయి. ఊళ్ళో దిడ్డి అట్లనే ఉంది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం మళ్ళీ చేయాల్సి వచ్చిందంటేనే మొదటి నిషేధం సంగతి తెలుస్తుంది.

1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ రోజుల్లో కరీంనగర్ పల్లెల్లో జనం దొరలను వెలివేశారు. సాకలి బట్టలు తేలేదు, మంగలి కత్తి పట్టుకుని పోలేదు, పాలేరు కొట్టం ఊడ్వలేదు. దీనికి సర్కారు జవాబుగా అదే అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అయినా చాలామంది దొరలు ఊళ్ళు విడిచి పట్నం దారి పట్టారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. దర్వాజను బద్దలు కొట్టడం వల్ల గడి పడలేదు. దానిలోకి వంగి పోవడం మానేసినందుకు పడింది. గడియ వేసింది లోపలివాళ్ళయినా ఆ గడిని నడిపింది బయటినుంచి వచ్చిన చేతులు. ఆ చేతులు ఆగినాక మిగిలింది చెక్క, ఇనుము, సున్నం.

ఇవాళ ఏం చేయాలి?

ఖాళీ అయిన గడుల్లో కొన్ని బడులయినయి, కొన్ని ఆఫీసులయినయి, కొన్నింటిలో పోలీసు క్యాంపులు పెట్టారు. క్యాంపు పెట్టిన చోట దర్వాజ పాత పనే మళ్ళీ చేసింది. పిలిచినవాడు మళ్ళీ చెట్టు కింద కూచున్నాడు. మిగిలినవి కూలుతున్నయి. మా ఊరి దర్వాజ రెక్కలు ఇప్పుడు లేవు. పాత టేకుకు మంచి ధర వస్తుందని ఊడదీసి అమ్ముకున్నారు. దిడ్డి కూడా దానితోనే పోయింది. ఎవరి ఇంటి హాల్లోనో అలంకారంగా ఉండొచ్చు. దాని కింద ఎన్ని నడుములు వంగినయో ఆ ఇంటివాళ్ళకు తెలియదు.

ఇంకో పక్క వారసత్వ కట్టడాల మాట పెరిగింది. 2022లో దోమకొండ కోట పరిరక్షణకు యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో మెరిట్ అవార్డు వచ్చింది. పాత కట్టడాన్ని పాత పద్ధతుల్లో నిలబెట్టడం మంచి పనే. మేము గడులను కూలగొట్టమని అనడం లేదు. గడి కూలితే దొర చరిత్ర పోదు. అది కాగితాల మీద, పటాల మీద, వంశవృక్షాల మీద భద్రంగా ఉంది. కూలితే పోయేది మన చరిత్రే. ఎందుకంటే దిడ్డి ఎత్తు, అరుగు ఎత్తు, చెట్టుకూ దర్వాజకూ మధ్య దూరం, ఇవే మనకు మిగిలిన దస్తావేజులు. కాబట్టి గడులను కాపాడాలి. కానీ ఎవరి చరిత్రగా కాపాడుతున్నారో అడగాలి. దర్వాజ పక్కన పెట్టే రాతిఫలకం మీద కట్టించినవాని పేరు ఒక్కటే ఉంటే అది సగం అబద్ధం. వెట్టి అన్న మాట కూడా దాని మీద ఉండాలి.

విద్యార్థులకు, టీచర్లకు, కార్యకర్తలకు మా మనవి ఇది. మీ ఊళ్ళో గడి ఉంటే ఒక టేపు, ఒక నోటుబుక్కు పట్టుకుని పోండి. పెద్ద దర్వాజ కొలవండి, దిడ్డి కొలవండి, గడప కొలవండి, అరుగులు కొలవండి. దొడ్డి దర్వాజ ఎక్కడుందో వెతకండి. అక్కడినుంచి మాలవాడ, మాదిగవాడ ఎటు ఉన్నయో, బురుజు ఎటు చూస్తుందో పటం గీయండి. తర్వాత వాడలో ఎనభై దాటిన అవ్వను, తాతను అడగండి: దొర ఎట్లాంటోడు అని కాదు, మీరు ఎక్కడ నిలబడేవాళ్ళు అని. మొదటి ప్రశ్నకు కథలొస్తయి. రెండో ప్రశ్నకు చరిత్ర వస్తుంది.

మా తాతను మేము ఈ రెండో ప్రశ్న చాలా ఆలస్యంగా అడిగాం. ఆయన మాటల్లో చెప్పలేదు. కర్ర పట్టుకుని లేచి మమ్మల్ని గడి దగ్గరికి తీస్కపోయాడు. రెక్కలు లేని ఆ దర్వాజ ముందు వేపచెట్టు మొద్దు దగ్గర ఆగి, కర్రతో నేల మీద ఒక గీత గీశాడు. ఆ గీతకూ అరుగుకూ మధ్య దూరం మేము కొలిచాం. పదహారు అడుగులు. మా పరిశోధన అక్కడినుంచి మొదలైంది.